1997లో ఎక్కువ హోమ్ రన్లు ఎవరివి? ఎర్రర్ రాని క్వెరీనే ముందు అనుమానించండి

ప్రశ్న: లాహ్‌మన్ బేస్‌బాల్ డేటాబేస్‌ని (ఆటగాళ్ల గణాంకాలు ఉండేది) ఎస్‌క్యూలైట్ అనే ఒకే ఫైల్ డేటాబేస్‌లోకి ఎక్కించుకుని, పైథాన్ నుంచి క్వెరీలు (డేటాని అడిగే ప్రశ్నలు) వేస్తున్నాను. ఒకటి సరిచేస్తే ఇంకొకటి వస్తోంది. మొదట ‘నో సచ్ టేబుల్: బ్యాటింగ్’ అంది, ఆ టేబుల్ ఉందని నాకు తెలుసు, నేనే ఎక్కించాను. తర్వాత బ్యారీ బాండ్స్ అనే ఆటగాడి ఐడీ ఇచ్చి వెతికితే, ఒక్క విలువ కావాల్సిన చోట 9 ఇచ్చారని గొడవ చేసింది. నేనిచ్చింది ఒక్కటే. డబుల్స్ (రెండో బేస్ దాకా చేర్చిన హిట్లు) లెక్క కోసం 2బీ కాలమ్ పేరు రాయగానే క్వెరీ పడిపోతోంది. ఇవన్నీ ఎలాగో దాటి 1997లో అత్యధిక హోమ్ రన్లు ఎవరివని అడిగితే కెన్ గ్రిఫీ జూనియర్, 56 అని వచ్చింది. ఆ ఏడాది మార్క్ మెక్‌గ్వైర్ 58 కొట్టాడని చదివిన గుర్తు. బ్యాటింగ్ సగటు అడిగితే దాదాపు అందరికీ సున్నా. లైబ్రరీ మార్చేయమంటారా?

సమాధానం: మార్చకండి. మీరు రాసిన అయిదు ఇబ్బందుల్లో ఒక్కటి కూడా లైబ్రరీ తప్పు కాదు. వేరేదానికి మారినా ఇవే మీ వెంట వస్తాయి, ఎర్రర్ మాటలు మారతాయంతే.

మీ ఉత్తరంలో నన్ను కలవరపెట్టినవి చివరి రెండు. మొదటి మూడు సందర్భాల్లో ప్రోగ్రామ్ ఆగింది, ఎందుకు ఆగిందో కూడా చెప్పింది. చివరి రెండింట్లో ఆగలేదు. ఏదో ఒక అంకె చేతిలో పెట్టి ఊరుకుంది. మెక్‌గ్వైర్ సంగతి మీకు ముందే తెలుసు కాబట్టి పట్టుకోగలిగారు. తెలియకపోతే 56 అని రాసుకుని, దాని మీద ఇంకో నాలుగు లెక్కలు కట్టి ఉండేవారు. అందుకని మొదటి మూడూ త్వరగా ముగించి, మిగతా చోటంతా ఆ రెండింటికి ఇస్తాను.

టేబుల్ లేదన్న సంగతి. పైథాన్‌తో వచ్చే ఎస్‌క్యూలైట్3 మాడ్యూల్‌కి ఒక అలవాటుంది. మీరు చెప్పిన చోట ఫైల్ లేకపోతే అది లేదని చెప్పదు, ఆ పేరుతో కొత్తగా ఒక ఖాళీ డేటాబేస్ తెరుస్తుంది. ఖాళీదాంట్లో బ్యాటింగ్ టేబుల్ ఎక్కడుంటుంది? మీరు స్క్రిప్ట్‌ని వేరే ఫోల్డర్‌లోంచి నడిపి ఉంటారు. ఆ ఫోల్డర్‌లో అదే పేరుతో 0 బైట్ల ఫైల్ ఒకటి పడి ఉందేమో చూడండి, ఉంటే తీసేయండి. ఇకమీదట ఫైల్ దారి పూర్తిగా రాయండి. కనెక్షన్ తెరిచేటప్పుడు యూఆర్ఐ పద్ధతిలో మోడ్ ఆర్‌డబ్ల్యూ అని ఇస్తే ఇంకా మంచిది. అప్పుడు ఫైల్ లేకపోతే అక్కడికక్కడే ‘డేటాబేస్ ఫైల్ తెరవలేకపోయాను’ అంటుంది, టేబుల్ దాకా రాదు.

ఫైల్ సరైనదే అయితే, ఎస్‌క్యూలైట్_మాస్టర్ అనే లోపలి టేబుల్‌ని అడిగి ఏయే టేబుళ్లు ఉన్నాయో అచ్చు వేయించుకోండి. పాత పాఠాల్లో ఆటగాళ్ల వివరాల టేబుల్ పేరు మాస్టర్ అని ఉంటుంది. తర్వాతి విడుదలల్లో దాన్ని పీపుల్ అని మార్చారు. పాత పాఠం చూస్తూ కొత్త డేటా మీద పనిచేసేవాళ్లు అందరూ ఒకసారి ఇక్కడ తగులుకుంటారు.

9 విలువల సంగతికి వద్దాం. మీ ఉత్తరంలో ఆ 9 చూడగానే ఏం జరిగిందో తెలిసిపోయింది. లాహ్‌మన్ డేటాబేస్‌లో ఆటగాడి ఐడీ ఎలా తయారవుతుందో గమనించారా? ఇంటిపేరులో మొదటి అయిదు అక్షరాలు, పేరులో మొదటి రెండు, ఆపైన రెండంకెల సంఖ్య. బాండ్స్ ఐడీలో సరిగ్గా 9 అక్షరాలున్నాయి. మీరు ఆ ఐడీని మామూలు బ్రాకెట్లలో పెట్టి ఇచ్చారు, దాని పక్కన కామా పెట్టలేదు. పైథాన్‌లో టపుల్‌ని, అంటే విలువల వరుసని, చేసేది బ్రాకెట్ కాదు, కామా. కామా లేకపోతే బ్రాకెట్లు ఉన్నా లేనట్టే, మిగిలేది ఉత్త స్ట్రింగ్. స్ట్రింగ్ అంటే అక్షరాల వరుస కాబట్టి ఎస్‌క్యూలైట్ ఒక్కో అక్షరాన్నీ ఒక్కో విలువగా లెక్కపెట్టింది. ఐడీ తర్వాత ఒక్క కామా పెట్టండి, లేదా చదరపు బ్రాకెట్లతో లిస్టుగా ఇవ్వండి. నేను లిస్టే వాడతాను, మర్చిపోవడానికి అందులో ఏమీ ఉండదు.

ఈ ఎర్రర్ చూసి విసుగొచ్చి చాలామంది క్వెరీలో విలువకి బదులు పెట్టే ప్రశ్నార్థకం గుర్తు తీసేసి, ఎఫ్ స్ట్రింగ్‌తో విలువని నేరుగా క్వెరీలో అతికిస్తారు. దయచేసి ఆ దారి పట్టకండి. ఇంటిపేరుతో వెతికే రోజు ఓ’నీల్ దగ్గర క్వెరీ విరుగుతుంది, ఆ పేరులోని అపాస్ట్రఫీ దగ్గరే కోట్ మూసుకుపోతుంది కనక ‘నీల్ దగ్గర సింటాక్స్ ఎర్రర్’ అని వస్తుంది. బయటివాళ్లు టైప్ చేసే పెట్టె పెడితే అదే మీ డేటాబేస్‌కి గండి.

అయితే ప్రశ్నార్థకానికి ఒక హద్దుంది, విలువలకే పనికొస్తుంది. టేబుల్ పేరు, కాలమ్ పేరు దాని ద్వారా పంపలేరు. టేబుల్ పేరు పంపితే ఎర్రరైనా వస్తుంది. వరుస పెట్టమని చెప్పే ఆర్డర్ బై దగ్గర ప్రశ్నార్థకం పెట్టి హెచ్ఆర్ (హోమ్ రన్ల కాలమ్ పేరు) అని పంపితే అదీ రాదు. హెచ్ఆర్ అనే మాటని బట్టి వరుస పెట్టమన్నట్టు అర్థం చేసుకుంటుంది. అన్ని రోలకూ (టేబుల్‌లోని అడ్డు వరుసలకూ) అదే మాట కాబట్టి ఏమీ కదలదు. రిజల్ట్ చూడ్డానికి బాగానే ఉంటుంది, వరుస మాత్రం తప్పు. కాలమ్ పేరు మార్చుకునే వీలు కావాలంటే, అనుమతించిన పేర్ల లిస్టు మీ కోడ్‌లోనే పెట్టుకుని అందులోంచి ఎంచండి.

ఐడీ సరిగ్గా ఇచ్చినా, సంవత్సరం సరిగ్గా ఇచ్చినా ఒక్క రో కూడా రాకపోతే, ఆ సంవత్సరం ఎక్కడినుంచి వచ్చిందో చూడండి. పాండాస్ అనే పైథాన్ లైబ్రరీ టేబుల్‌లోంచి తీసిన అంకె పైథాన్ పూర్ణాంకం కాదు, నంపై (పాండాస్ లోపల వాడే ఇంకో లైబ్రరీ) పూర్ణాంకం. అచ్చు వేస్తే రెండూ 2001 అనే కనిపిస్తాయి. ఎస్‌క్యూలైట్3 మాత్రం నంపైదాన్ని బైట్ల ముద్దగా పంపుతుంది, ఆ ముద్ద ఏ సంవత్సరానికీ సరిపోదు. ఇంట్ అనే ఫంక్షన్‌లోంచి పంపి ఇస్తే చాలు. దీని కోసం నేను ఒక సాయంత్రమంతా పెట్టాను, మీకు ఆ ఖర్చు వద్దు.

ఇక 2బీ. ఎస్‌క్యూఎల్‌లో పేరు అంకెతో మొదలవకూడదు. అందుకే ఎస్‌క్యూలైట్ ‘గుర్తుపట్టలేని టోకెన్: 2బీ’ అంటుంది. మైఎస్‌క్యూఎల్ అనే ఇంకో డేటాబేస్ దాన్ని ఒప్పుకుంటుంది, కాబట్టి అక్కడ నడిచిన క్వెరీ తెచ్చి ఇక్కడ పెడితే ఇలా అవుతుంది. పోస్ట్‌గ్రెస్ అనే మరో డేటాబేస్‌లో 15వ వెర్షన్‌కి ముందైతే ఇంకో తమాషా: 2 అనే అంకెకి బీ అని పేరు పెట్టమన్నారనుకుని, ప్రతి ఆటగాడికీ 2 చూపించేది. 2బీని డబుల్ కోట్స్‌లో పెడితే మీ ఎర్రర్ పోతుంది. కానీ ఆ డబుల్ కోట్స్‌లోనే ఒక గోతి ఉంది. అలాంటి కాలమ్ లేకపోతే ఎస్‌క్యూలైట్ సాధారణంగా ఎర్రర్ ఇవ్వదు, దాన్ని మామూలు మాటగా తీసుకుంటుంది. అంటే మీరు కోట్స్‌లో 2డీ అని పొరపాటున కొట్టారనుకోండి, ప్రతి రోలో 2డీ అనే అక్షరాలే వస్తాయి. కాలమ్ ముందు టేబుల్ పేరు, చుక్క పెట్టి రాస్తే ఈ గోతిలో పడరు, అప్పుడు లేని కాలమ్‌ని లేదనే చెబుతుంది. ఇంకో సంగతి, ఆర్ భాష కోసం తయారైన ప్రతుల్లో ఈ కాలమ్ పేరు ఎక్స్2బీ. మీ ఫైల్‌లో అసలు ఏ పేరుందో ప్రాగ్మా టేబుల్_ఇన్ఫో అనే ఆదేశంతో ఒకసారి చూసుకోండి.

ఒకవేళ మీరు పాండాస్ రీడ్_ఎస్‌క్యూఎల్ ద్వారా వెళ్తుంటే ఇవే ఎర్రర్లు ‘ఎగ్జిక్యూషన్ ఫెయిల్డ్’ అనే పెద్ద మాటతో మొదలై, మీ క్వెరీ అంతా మళ్లీ చూపించి, అసలు కారణాన్ని చిట్టచివర చెబుతాయి. చివరి పంక్తి ముందు చదవండి.

ఇప్పుడు 1997.

మెక్‌గ్వైర్ ఆ ఏడాది ఓక్లాండ్‌లో మొదలుపెట్టాడు. జులై 31న అతన్ని సెయింట్ లూయిస్‌కి ఇచ్చేశారు. ఓక్లాండ్ తరఫున 34, సెయింట్ లూయిస్ తరఫున 24, మొత్తం 58. లాహ్‌మన్ డేటాబేస్‌లో బ్యాటింగ్ టేబుల్‌కి ఒక రో అంటే ‘ఒక ఆటగాడు, ఒక ఏడాది’ కాదు. ‘ఒక ఆటగాడు, ఒక ఏడాది, ఒక జట్టులో ఒక విడత’. ఆ విడతకే స్టింట్ అని పేరు, ఆ పేరుతో కాలమ్ ఉంది. కాబట్టి మెక్‌గ్వైర్‌కి 1997లో రెండు రోలు, ఒకదాంట్లో 34, ఇంకోదాంట్లో 24. మీరు హోమ్ రన్ల కాలమ్‌ని పెద్దనుంచి చిన్నకి పేర్చి పైది తీసుకున్నారు. 56 పైన ఏ ఒక్క రో లేదు. మీ క్వెరీ అబద్ధం చెప్పలేదు. ఒక్క విడతలో ఎవరెక్కువ కొట్టారో చెప్పింది. మీరడగాలనుకున్నది అది కాదు.

సరిచేయాలంటే ప్లేయర్‌ఐడీ, ఇయర్‌ఐడీల మీద గ్రూప్ బై చేసి (ఒకే ఆటగాడి ఒకే ఏడాది రోలన్నీ ఒక గుంపుగా కట్టి), హెచ్ఆర్‌ని సమ్ చేసి (కూడి), ఆ మొత్తాన్ని పేర్చాలి. మెక్‌గ్వైర్ 58, గ్రిఫీ 56, తర్వాత ల్యారీ వాకర్ 49 వస్తాయి.

ఇక్కడ ఒక్క క్షణం ఆగండి. ఓక్లాండ్ అమెరికన్ లీగ్ జట్టు, సెయింట్ లూయిస్ నేషనల్ లీగ్ జట్టు. లీగ్ రికార్డుల్లో 1997 అమెరికన్ లీగ్ హోమ్ రన్ల అగ్రస్థానం గ్రిఫీదే, నేషనల్ లీగ్‌ది వాకర్‌దే. 58 కొట్టినా మెక్‌గ్వైర్‌కి ఏ లీగ్‌లోనూ మొదటి స్థానం దక్కలేదు. మీ ప్రశ్న ‘లీగ్‌లో ఎవరు’ అన్నదైతే గ్రూప్ బైలో లీగ్ కాలమ్‌ని కూడా చేర్చాలి, అప్పుడు గ్రిఫీ 56 అన్నది సరైన జవాబు. ‘రెండు లీగ్‌లూ కలిపి ఎవరు’ అయితే మెక్‌గ్వైర్. ఎస్‌క్యూఎల్ నేర్చుకోవడంలో నాకు అన్నిటికంటే కష్టమనిపించేది ఇదే. క్వెరీ రాయకముందే ‘ఈ టేబుల్‌లో ఒక రో అంటే ఏమిటి’ అన్నది ఒక్క వాక్యంలో కాగితం మీద రాసుకోవాలి. నేను ప్రతి టేబుల్‌కీ ఇప్పటికీ రాసుకుంటాను.

ఆ వాక్యం లేకుండా జాయిన్ చేస్తే, అంటే రెండు టేబుళ్లని కలిపితే, తప్పు ఇంకో వైపుకి పోతుంది, అంకెలు ఉబ్బుతాయి. బేబ్ రూత్ 1919 సీజన్ తీసుకోండి. బోస్టన్ తరఫున 29 హోమ్ రన్లు, అప్పటికి అదే రికార్డు. బ్యాటింగ్ టేబుల్‌లో ఒకటే రో. ఫీల్డింగ్ టేబుల్‌లో మాత్రం ఒక్కో స్థానానికీ ఒక్కో రో. రూత్ ఆ ఏడాది అవుట్‌ఫీల్డ్‌లో ఆడాడు, పిచర్‌గా వేశాడు, కొన్ని ఆటల్లో ఫస్ట్ బేస్ దగ్గరా నిలబడ్డాడు. ప్లేయర్‌ఐడీ, ఇయర్‌ఐడీలతో ఆ రెండు టేబుళ్లనీ కలిపి హెచ్ఆర్ సమ్ చేయండి: 87 వస్తుంది. ఎర్రర్ రాదు. 29 మూడుసార్లు లెక్కలోకి వచ్చింది. దీనికి మందు డిస్టింక్ట్ (ఒకేలా ఉన్నవాటిని ఒక్కసారే లెక్కించడం) కాదు. మొత్తాల మీద అది చేసే పని మీరనుకున్నది కాదు, రెండు విడతల్లో ఒకే అంకె వస్తే ఒకదాన్ని మింగేస్తుంది. ముందు ఒక్కో టేబుల్‌నీ విడిగా గ్రూప్ చేసి, ఆటగాడికీ ఏడాదికీ ఒకే రో ఉండేలా కుదించి, ఆ తర్వాతే కలపండి. జాయిన్‌కి ముందు ఎన్ని రోలు, తర్వాత ఎన్ని రోలు అన్నది కౌంట్‌తో ప్రతిసారీ చూసుకోండి. పెరిగితే ఎందుకు పెరిగాయో తెలిసేదాకా ముందుకు కదలకండి. టీమ్స్ టేబుల్‌ని కలిపేటప్పుడూ ఇంతే, జట్టు ఐడీ ఒక్కటే చాలదు, ఏడాది కూడా కావాలి.

సగటు సున్నాలకి కారణం చిన్నది. ఇచిరో సుజుకి 2004లో 704 ఎట్ బ్యాట్లలో (వాకుల్లాంటివి వదిలి లెక్కపెట్టే బ్యాటింగ్ అవకాశాలు) 262 హిట్లు కొట్టాడు, సగటు .372. ఎస్‌క్యూలైట్‌లో పూర్ణాంకాన్ని పూర్ణాంకంతో భాగిస్తే దశాంశాలు తెగిపోతాయి, కాబట్టి 262ని 704తో భాగిస్తే 0. పోస్ట్‌గ్రెస్‌లోనూ అంతే. పైన ఉన్నదాన్ని 1.0తో గుణించి భాగించండి. ‘దాదాపు అందరికీ’ అన్నారు కదా, సున్నా రానివాళ్లలో కొందరికి 1 వచ్చి ఉండాలి. వాళ్లు బ్యాట్ పట్టిన ప్రతిసారీ హిట్ కొట్టినవాళ్లు, చాలావరకు ఏడాదంతా ఒకటీ రెండుసార్లు ఆడినవాళ్లు. అసలు బ్యాటే పట్టనివాళ్లకి ఖాళీ వస్తుంది, ఎస్‌క్యూలైట్‌లో సున్నాతో భాగిస్తే నల్ (విలువ లేదన్న గుర్తు). అదే క్వెరీని పోస్ట్‌గ్రెస్‌కి తీసుకెళ్తే అక్కడ ఎర్రర్‌తో ఆగిపోతుంది, నల్ఇఫ్‌తో ఆ సున్నాని నల్ చేసుకోవాలి. మెక్‌గ్వైర్ లాంటివాళ్లకి రెండు విడతల సగటుల సగటు తీయకండి; హిట్లు కలిపి, ఎట్ బ్యాట్లు కలిపి, చివర ఒక్కసారి భాగించండి. అగ్రస్థానాల పట్టిక కావాలంటే కనీస హద్దు కూడా కావాలి. జట్టు ఆడే ఒక్కో ఆటకి 3.1 ప్లేట్ అప్పియరెన్సులు (బ్యాటింగ్‌కి వచ్చిన మొత్తం సార్లు) అన్నది నియమం, 162 ఆటల సీజన్‌కి 502.

ఆ ప్లేట్ అప్పియరెన్సులు లెక్కపెట్టేటప్పుడే నల్ కాటేస్తుంది. టెడ్ విలియమ్స్ 1941లో 456 ఎట్ బ్యాట్లలో 185 హిట్లు కొట్టి .406 సాధించాడు. అతని ఆన్ బేస్ శాతం (ఎన్నిసార్లు బేస్ చేరాడన్న నిష్పత్తి) అడిగితే మీకు నన్ (పైథాన్‌లో నల్‌కి పేరు) వస్తుంది. సూత్రంలో సాక్రిఫైస్ ఫ్లైలు (తాను అవుటైనా తోటివాడికి రన్ తెచ్చే షాట్లు) కలపాలి. వాటిని ఇప్పటి పద్ధతిలో లెక్కపెట్టడం 1954లో మొదలైంది, అంతకుముందు ఆ గడి ఖాళీ. దేనికైనా నల్‌ని కూడితే నల్ అవుతుంది. ఆ కాలమ్‌ని కోఎలెస్‌లో పెట్టి ఖాళీ అయితే 0 తీసుకోమనండి. 1941 ఆటగాళ్లకీ నేటివాళ్లకీ పోలిక రాసేటప్పుడు మాత్రం, ఆ 0 అంటే ‘కొట్టలేదు’ కాదు, ‘లెక్కపెట్టలేదు’ అని పక్కన ఒక వాక్యం పెట్టండి. ఆ వాక్యం లేకపోతే చదివేవాళ్లకి మనం అన్యాయం చేసినట్టే.

మీరు అడగలేదు గానీ ఒకటి చూసుకోండి. సీఎస్‌వీ ఫైళ్లని ఎస్‌క్యూలైట్ కమాండ్ లైన్‌లోని ఇంపోర్ట్‌తో ఎక్కించి, టేబుల్‌ని ముందుగా మీరు తయారుచేయకపోతే, ఎస్‌క్యూలైట్ వెర్షన్‌ని బట్టి కాలమ్‌లన్నీ టెక్స్ట్ రకం కావచ్చు. అప్పుడు హోమ్ రన్లని పేర్చితే 9 కొట్టినవాడు, 2001లో 73 కొట్టిన బాండ్స్‌కి పైన వస్తాడు. అక్షరాల వరుసలో 9 అనేది 7 తర్వాత కదా. 50కి మించినవాళ్లని అడిగినా 6 కొట్టినవాడు వచ్చి కూర్చుంటాడు. ఖాళీ గడులు కూడా నల్ కాకుండా ఖాళీ స్ట్రింగులుగా మిగిలిపోతాయి, పైన చెప్పిన కోఎలెస్ వాటిని పట్టుకోదు. మీకు గ్రిఫీ 56 సరిగ్గా పైన వచ్చాడంటే మీ ఫైల్‌లో ఈ జబ్బు ఉండకపోవచ్చు, అయినా టైప్ఆఫ్ ఫంక్షన్‌తో ఒక రో చూడండి. టెక్స్ట్ అని వస్తే క్వెరీలు దిద్దకండి, టేబుళ్లనే సరైన రకాలతో మళ్లీ ఎక్కించండి.

పేర్ల గురించీ ఒక జాగ్రత్త. మీరు గ్రిఫీ అని పేరుతో వెతికి ఉంటే ఇద్దరు వస్తారు, తండ్రీ కొడుకులు. ఇద్దరూ 1990లో సియాటిల్ జట్టులోనే కలిసి ఆడారు, ఆ సెప్టెంబర్ 14న ఒకరి వెంట ఒకరు హోమ్ రన్ కొట్టారు కూడా. పేరు, జట్టు, ఏడాది మూడూ కలిపి అడిగినా ఇద్దరినీ విడదీయలేని చోటు అది. పేరుని పీపుల్ టేబుల్‌లో ఐడీ కనుక్కోడానికి మాత్రమే వాడి, ఆపైన అంతా ఐడీతోనే నడపండి.

ఇవాళ ఒక పని చేయండి. పైథాన్‌లో చిన్న టెస్ట్ ఫైల్ ఒకటి తెరిచి అందులో నాలుగు ప్రశ్నలు పెట్టండి: 2001లో బాండ్స్ హోమ్ రన్లు 73, 1997లో మెక్‌గ్వైర్‌వి 58, 1919లో రూత్‌వి 29, 2004లో ఇచిరో హిట్లు 262. సగటు ఫంక్షన్‌కి విలియమ్స్ 1941 చేర్చండి, మూడు దశాంశాలకి .406 రావాలి. డేటా కొత్త విడుదల ఎక్కించినప్పుడు, క్వెరీ రాసే ఫంక్షన్‌ని ముట్టుకున్నప్పుడు ఇది నడపండి. విడతలు కలపడం మర్చిపోతే మెక్‌గ్వైర్ దగ్గర ఆగుతుంది, జాయిన్ ఉబ్బితే రూత్ దగ్గర, భాగహారం తెగితే విలియమ్స్ దగ్గర. అయిదూ సరిపోయాక కూడా ఏదైనా అంకె మీద అనుమానం ఉంటే, క్వెరీ మొత్తం, ఎర్రర్ చివరి పంక్తి, మీరు ఎదురుచూసిన అంకె, వచ్చిన అంకె నాలుగూ కలిపి రాయండి. మీ మొదటి ఉత్తరంలో 9, 56, 58 ఉండబట్టే ఇంత వివరంగా చెప్పగలిగాను.